కాళుడికి మాటలు

నాటకానికి గొడ్డళ్ళు అట్టతో చేయించి వాటికి వెండి కాగితం అతికించాలనుకున్నాడు జస్టిన్. అతను కొత్తగూడెం నుంచి ఆ కాగితం తెచ్చేలోపే హాస్టల్ పిల్లలు ఇళ్ళకు పోయి నిజమైన గొడ్డళ్ళే పట్టుకొచ్చారు. వరండా గోడకు వరసగా ఆనించి పెట్టారు. వాటి కామలు ఏళ్ళ తరబడి చేతుల్లో నలిగి నున్నబడి ఉన్నాయి. ఒకదాని కామ చీలితే సైకిల్ ట్యూబు ముక్క చుట్టి బిగించారు.

"ఇవి వద్దు జస్టిన్. పిల్లలకు తగిలితే ఎట్ల?" అంది అక్సా. వైరా నుంచి బస్సులు మారి వచ్చిన సంచీ ఇంకా ఆమె భుజాన్నే ఉంది.

"అట్టవి పట్టుకుంటే జనం నవ్వుతరు టీచర్," అంది ముందు నిలబడ్డ పొడుగాటి పిల్ల. "బరువుంటేనే చెయ్యి సక్కగ లేస్తది." గొడ్డలి ఒకటి తీసి భుజాన వేసుకుని, నాలుగడుగులు నడిచి చూపించింది.

ఆ పిల్ల పేరు వనజ. తొమ్మిదో తరగతి. పై పెదవి మీద బొగ్గుతో మీసం దిద్దుకుంది. ఆమె వెనకున్న పిల్లలందరికీ మీసాలే. ఆడపిల్లల హాస్టల్ కాబట్టి నాటకంలో మగవేషాలన్నీ వాళ్ళవే.

నాటకం అక్సా నవలలోది. వైరాలో మిషన్ బడిలో సోషల్ చెబుతూ, సాయంత్రాలు కూర్చుని పిల్లల మాసపత్రికకు ఆమె రాసిన 'పచ్చగీత' సీరియల్ పోయిన ఏడే పుస్తకంగా వచ్చింది. 2080లో జరిగే కథ. అప్పటికి గోదావరిలో ఇసుక తప్ప ఏమీ ఉండదు. వాన ఏ నెలలో పడుతుందో ఎవరూ చెప్పలేరు. మిగిలిన ఒకే ఒక్క అడవి చుట్టూ ప్రభుత్వం పచ్చరంగు గీత గీసి కాపలా పెడుతుంది. రాత్రిళ్ళు గొడ్డళ్ళతో చీకటి మూక వస్తుంది. మేఘన అనే పదహారేళ్ళ పిల్ల ఆ మూకకు ఎదురు నిలబడి, వాళ్ళ నాయకుడు కాళుడిని పట్టిస్తుంది. హైదరాబాదులోని నవవనం ట్రస్టు ఆ పుస్తకం కాపీలు కొని జిల్లాలోని బడులకు పంచింది. ఇప్పుడు ములకలపల్లి అడవి అంచున మొక్కలు నాటే సభ పెట్టి, చివరి ఘట్టాన్ని పిల్లల చేత ఆడించాలనుకుంది. సభ శనివారం. కాస్త ముందే వచ్చి పిల్లలకు నేర్పమని అక్సాను పిలిచారు.

జస్టిన్ ఆమె దగ్గర చదువుకున్నవాడే. ఒకే చర్చి కాబట్టి బడిలో టీచరైనా బయట అక్కే. ఇప్పుడు ట్రస్టులో ఫీల్డు కోఆర్డినేటర్.

"మరి మేఘన ఎవరు?" అని అడిగింది అక్సా.

"ఖమ్మం కాన్వెంటు పిల్ల అక్కా, జెస్సికా. భాష క్లియర్‌గా ఉంటదని నిర్మలాదేవి మేడమే సెలెక్ట్ చేసింది. శనివారం పొద్దున డైరెక్ట్‌గా వస్తది. వీళ్ళంతా మూక, కాపలావాళ్ళు."

జెస్సికా లేదు కాబట్టి మేఘన మాటలు అక్సాయే చదివింది. మూక వంగి వంగి నడుస్తూ వరండా మీదికి వచ్చింది. వంగి నడవమని ఎవరూ చెప్పలేదు. ఉన్నాయనుకున్న చెట్ల మధ్య ఆగి, చెవులు రిక్కించి, మళ్ళీ కదిలారు. కాళుడి వేషంలో ముందున్న వనజ అరచేయి వెనక్కి చూపగానే అందరూ ఒక్కసారే ఆగిపోయారు. అక్సా చదవాల్సిన చోట చదవడం మరిచి చూస్తూ ఉండిపోయింది. వనజ పెదవులు చప్పుడు లేకుండా కదులుతున్నాయి. మేఘన మాటలను ఆమె తనలో తాను అంటోంది. పుస్తకమంతా కంఠస్థం.

రిహార్సలు అయ్యాక పిల్లలు పళ్ళేలు తీసుకుని అన్నానికి పరుగెత్తారు. వనజ మాత్రం ఆగింది.

"టీచర్, మా కాళుడికి మాటల్లేవు."

"ఉన్నయి కదా. 'నరకండి' అంటడు."

"అదొక్కటే. పట్టుకున్నంక 'అయ్యో' అంటడు. అయిపాయె."

"విలన్ కదమ్మా."

"సినిమాల్ల విలన్లకు మస్తు మాటలుంటయి టీచర్. మీరు ఆయనది ఏ ఊరో గూడ రాయలే."

అక్సా నవ్వింది. "చూద్దాంలే. ముందు పోయి అన్నం తిను."

ఆ పిల్ల నవ్వలేదు. సరేనని తలూపి, గొడ్డలిని తీసుకుపోయి ట్యూబు చుట్టిన దాని పక్కనే జాగ్రత్తగా ఆనించి వెళ్ళింది.

*

మర్నాడు పొద్దున సభ జరిగే చోటు చూపిస్తానని జస్టిన్ బండి మీద తీసుకెళ్ళాడు. తారురోడ్డు పక్కనే ఉంది. మోకాలెత్తు పెరిగిన మొక్కజొన్న చేను. చేను చుట్టూ జేసీబీ కందకం తవ్వుతోంది. మూడు వైపులా అయిపోయింది. తవ్విన ఎర్రమట్టి కట్టలా పోసి ఉంది. కార్లు రావడానికి రోడ్డు వైపు మాత్రం వదిలారు.

చేనులో ఒక మనిషి గడ్డపారతో గుంతలు తవ్వుతున్నాడు. అక్సా గట్టు మీద నిలబడి చూసింది. సాలుకీ సాలుకీ మధ్య తవ్వుతున్నాడు. గడ్డపార దించే ముందు అటూ ఇటూ ఉన్న ఆకులను మోచేత్తో పక్కకు ఒత్తి పట్టుకుంటున్నాడు. పైకి వచ్చిన మన్నును పారతో విసరడం లేదు. గొంతుక్కూర్చుని, చేతులతో ఎత్తి, మొక్కల మొదళ్ళకు తగలకుండా సాలు నడుమ కుప్ప పోస్తున్నాడు. ఒకచోట ఒక మొక్క వేరు తెగి వాలిపోయింది. దాన్ని తీసి పారేయకుండా కాసేపు చేత్తో నిలబెట్టి చూశాడు. అది మళ్ళీ వాలిపోయింది. అప్పుడు పీకి గట్టు మీద పెట్టాడు.

"గుంతలు తవ్వేటాయనకు ఇంత ఓపికేంది?" అంది అక్సా.

"చేను ఆయనదే అక్కా," అన్నాడు జస్టిన్. "అంటే, ఆయనది కాదు. రికార్డుల అడవే. చెట్లు కొట్టి పోడు చేసుకున్నడు. ఇప్పుడు మనం కానుగ మొక్కలు పెడ్తున్నం గద, ఊకెనే వెళ్ళగొడ్తలేం. గుంతల పని ఆయనకే ఇచ్చినం. నాటినంక కాపలా పని గూడ ఆయనకే."

అతని గొంతులో దాపరికం ఏమీ లేదు. ఒక మనిషికి రెండు పనులు ఇప్పించానన్న తృప్తి ఉంది.

"మరి ఈ పంట?"

"మొక్కలు ఎదిగేదాంక అదీ ఉంటదనుకున్నం. కానీ రేపటికి ట్రెంచి కంప్లీట్ అయితది. లోపలికి ఎవరూ పోవద్దని రూలు. కలుపుకు గూడ పోరాదు."

గట్టు మీదుగా ఒకామె సత్తుగిన్నెలో జావ పట్టుకుని వచ్చింది. అక్సాను చూసి ఆగింది. "పుస్తకం రాసిన పంతులమ్మ మీరేనా? వనజ మా బిడ్డనే."

అక్సా ఒక్కసారి గుంతల వైపు చూసి, మళ్ళీ ఆమె వైపు చూసింది. నిన్న అంతసేపు పక్కనున్నా వనజ ఈ సంగతి ఒక్క మాట కూడా చెప్పలేదు.

ఆమె పేరు ముత్తక్క. చేనులోని మనిషి సీతయ్య. అతను తలకు చుట్టిన తువాలు విప్పి మొహం తుడుచుకుంటూ వచ్చాడు. వద్దన్నా వినకుండా ముత్తక్క అక్సాకూ ఒక గ్లాసులో జావ పోసింది.

"ఎండకాలం సెలవుల్ల రోజు చదివి చెప్పింది," అంది ముత్తక్క. "మా భాషల చెప్పేది. పక్కిండ్లోళ్ళు గూడ వచ్చి కూసునేటోళ్ళు."

"నచ్చిందా?"

"మంచిగుంది. వానలు ఇప్పుడు గూడ గట్లనే తప్పుతున్నయి గద. మీరు మా ఊరికి ఎప్పుడొచ్చిండ్రు పంతులమ్మా, రాయనీకి?"

"నేనా? ఇదే మొదలు."

"మరి మా గొడ్డళ్ళు, రాత్రిపూట పోవుడు, గార్డుకు దొరక్కుంట వంగి నడుసుడు, అన్నీ రాసిండ్రు గద. సూడకుంటనే రాసిండ్రా!" భర్త వైపు తిరిగి తమ భాషలో ఏదో అంది. సీతయ్య కూడా అక్సా వైపు మెచ్చుకోలుగా చూశాడు.

నోటిదాకా వెళ్ళిన గ్లాసు అక్సా చేతిలో ఆగిపోయింది. "అది మీ గురించి కాదమ్మా," అంది.

"మరి ఎవరి గురించి?"

ముత్తక్క ఎత్తిపొడుపుగా అడగలేదు. తెలుసుకుందామనే అడిగింది. చీకటి మూకకు తను గొడ్డళ్ళిచ్చింది, నల్లటి ఒళ్ళిచ్చింది, గీత అవతలి నుంచి వస్తారని రాసింది. అవతల ఏముంటుందో ఆలోచించలేదు. కథకు అవసరం రాలేదు. ఆమె తల వంచి జావ తాగేసి, గ్లాసు కడగబోతే ముత్తక్క లాక్కుంది.

చేనుకు అవతల, కందకం దాటాక ఒక బోడి గుట్ట ఉంది. రాళ్ళ మధ్య అక్కడక్కడా గడ్డి తప్ప ఏమీ లేదు.

"మొక్కలు ఆ గుట్ట మీద పెట్టొచ్చు గదా జస్టిన్? అది గూడ అడవి జాగానే కదా?"

"అదీ అడవి జాగానే. కానీ కారు పోదక్కా. మేడం వాళ్ళు రాళ్ళల్ల నడవాలె. ఇదైతే రోడ్డు పక్కన్నే. ఫొటోలకు బాగుంటది."

"అందుకనా?"

"అవ్," అన్నాడు జస్టిన్. ఆ మాట అన్నాక అతనికే ఎలాగో అనిపించింది కాబోలు, బండి తాళంచెవిని వేలికి తిప్పుతూ జేసీబీ వైపు చూశాడు.

సెల్లు సిగ్నలు కల్వర్టు మీద ఒక్కచోటే అందుతుంది. అక్సా అక్కడ నిలబడి నిర్మలాదేవికి ఫోన్ చేసింది. ట్రస్టు డైరెక్టరు ఆవిడే. చేను సంగతి, గుట్ట సంగతి అక్సా చెప్పిందంతా ఆవిడ మధ్యలో అడ్డు రాకుండా విన్నది.

"మీ బాధ నాకు అర్థమైందండీ అక్సా గారూ. కానీ మీరే రాశారు కదా, ఒక్కరిని గీత దాటనిస్తే అడవి మిగలదని. మేఘన చేత ఎంత చక్కగా చెప్పించారు! ఆ వాక్యం మా ఆఫీసు గోడ మీద రాయించుకున్నాం. ఇప్పుడు మీరే ఇలా అంటే ఎలా చెప్పండి?"

"మేడం, నేను రాసేటప్పుడు..."

"రేపు కలుద్దాం. మీకు శాలువా కూడా తెస్తున్నాం."

ఫోన్ పెట్టేశాక కూడా అక్సా కాసేపు కల్వర్టు మీదే ఉంది. కిందనున్న వాగులో నీళ్ళు పల్చగా పారుతున్నాయి. జస్టిన్ బండి స్టార్ట్ చేయకుండా ఆమె కోసం ఆగాడు.

*

సాయంత్రం రిహార్సలు తొందరగా ముగించి, అక్సా వనజను వరండా మెట్ల మీద కూర్చోబెట్టింది.

"అది మీ నాయిన చేనని నాకు చెప్పలేదేంది?"

వనజ గోటితో మెట్టు మీది సున్నం గీకింది. "చెప్తే మీరు నాటకం ఆపుతరనుకున్న. నాకు ఆడాలనుంది టీచర్."

"ఆ చేన్లనే, మీ నాయిన ముందర్నే, గొడ్డలి పట్టుకుని?"

"వేరే వేషం ఇయ్యలే గద."

అక్సా సంచీలోంచి కాగితాలు తీసింది. "కాళుడికి మాటలు అడిగినవ్ గదా. రాద్దాం పట్టు."

ఆమె ఆగకుండా పేజీ నిండా రాసింది. పొద్దుటి నుంచి లోపల తిరుగుతున్నదంతా రాసింది. తరతరాల బంధం, అడవితల్లి, నాగరికుల కపటం అన్నీ వచ్చాయి. రాసిన కాగితం వనజకు ఇచ్చింది. వనజ దాన్ని లోపల చదువుకుని, తర్వాత లేచి నిలబడి, చేతులు వెనక్కి విరిచి పట్టుకుని పైకి చదివింది. సగంలో ఆగింది.

"టీచర్, అప్పటికి కాళుడు పట్టుబడ్డడు గద. చేతులు విరిచి పట్టుకున్నరు. ఇంతసేపు మాట్లాడనిస్తరా?"

"ఎంతసేపు మాట్లాడనిస్తరు?"

"ఒక్క దమ్ము తీసుకునేంత. మా మామను గార్డులు పట్టుకున్నప్పుడు గంతే మాట్లాడిండు."

"ఏమన్నడు?"

"పొద్దున్నే వచ్చి పర్మిషన్ అడిగిన సారూ, మీరే లేరు అన్నడు."

అక్సా కాగితం తీసుకుని మొదటి వరసలు కొట్టేసింది. తర్వాత మధ్యవి. ఆఖరుకు అంతా కొట్టేసి, వెనకవైపు తిప్పింది. ఇద్దరూ కాసేపు మాటలు పైకి అనుకుంటూ, ఎక్కువైనవి తీసేసుకుంటూ కూర్చున్నారు. వంటగదిలో పప్పు తాలింపు వాసన వచ్చేవేళకు కాగితం మీద నాలుగు ముక్కలే మిగిలాయి.

'పగలొచ్చి అడిగినం. ఎవరు తలుపు తియ్యలే. గీత గీసిన్నాడు మేం చేన్ల కలుపు తీస్తున్నం. గీత మా మీదికెళ్ళే పోయింది.'

వనజ వాటిని రెండుసార్లు పలికింది. మూడోసారి గొంతు పెంచలేదు, తగ్గించింది. "ఇప్పుడు మంచిగుంది," అంది. "మరి మేఘన ఏమంటది?"

పుస్తకంలో ఆ చోట మేఘనకు అరపేజీ ఉపన్యాసం ఉంది. ట్రస్టువాళ్ళు గోడ మీద రాయించుకున్న వాక్యం దాంట్లోదే. అక్సా ఆ అరపేజీని మనసులో ఒకసారి చదువుకుంది. ఈ నాలుగు ముక్కల తర్వాత అది అతకలేదు. ఇంకోటి రాద్దామని పెన్ను పెట్టింది కానీ, ఏం రాసినా మేఘనది అబద్ధంలాగో, సారీ చెప్పినట్టుగానో ఉంది.

"ఆ పిల్ల వచ్చినంక చూద్దాం," అని, ఆ చోటు ఖాళీగా వదిలేసింది.

*

శనివారం వాళ్ళు వెళ్ళేసరికి చేనులో షామియానా లేచింది. రోడ్డు వైపు సాళ్ళన్నీ అణగదొక్కి, వాటి మీద ఎర్ర కార్పెట్టు పరిచి కుర్చీలు వేశారు. కార్పెట్టు అంచుల్లోంచి నలిగిన ఆకులు బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. ముత్తక్క వంగి, షామియానా గుంజల దగ్గర విరిగిపడ్డ మొక్కలను ఏరి కట్ట కడుతోంది.

"బర్లకు మేతన్నా అయితయి," అంది, అక్సా అడగకముందే.

మూక హాస్టల్ నుంచి నడిచి వచ్చింది. వనజ కార్పెట్టు వైపు చూసింది. తల్లి వైపు చూసింది. తర్వాత పక్కపిల్ల మీసం చెదిరిందని వేలితో సరిచేసింది.

జెస్సికా కారులో వచ్చింది. ఇస్త్రీ చేసిన తెల్ల డ్రెస్సు, చేతిలో పెద్ద టార్చిలైటు. పిల్ల చురుకైనదే. అక్సా మార్చిన భాగం ఇవ్వగానే చదివేసి తలెత్తింది. "కాళుడు ఇది చెప్పాక నా డైలాగ్ ఏది టీచర్? ఇక్కడ ఖాళీ ఉంది."

"నాకు తోచలేదమ్మా. విన్నంక నీకు ఏమనాలనిపిస్తే అది అను. ఏమీ అనిపించకపోతే ఊరికే నిలబడు."

"తప్పు వస్తే?"

"తప్పేం లేదు."

జెస్సికా దిగులుగా చూసింది. ఇంతవరకు ఏ టీచరూ తనతో అట్లా చెప్పి ఉండరు.

అతిథులు వచ్చి కూర్చున్నారు. నిర్మలాదేవి అక్సా చేయి పట్టుకుని తన పక్కన కుర్చీలో కూర్చోబెట్టుకుంది. సన్నగా, నెమ్మదిగా మాట్లాడే మనిషి. నేత చీర కట్టుకుంది. పిల్లలు ఎండలో నిలబడ్డారని చూసి, వాళ్ళకు ముందు మంచినీళ్ళు ఇవ్వమని జస్టిన్‌కు చెప్పింది. ఆవిడ చెడ్డదై ఉంటే అక్సాకు తేలికగా ఉండేది.

నాటకం మొదలైంది. మొక్కజొన్న సాళ్ళ మధ్య నుంచి మూక వంగి నడుస్తూ వచ్చింది. ఒక్క మొక్క కూడా కదల్లేదు. అతిథుల్లో ఎవరో "వారెవా" అన్నారు. జెస్సికా టార్చి వేసింది. పట్టపగటి ఎండలో ఆ వెలుగు ఎవరికీ కనిపించలేదు. కాపలావాళ్ళ వేషం వేసిన పిల్లలు వనజను పట్టుకుని చేతులు వెనక్కి విరిచారు. గొడ్డలి నేల మీద పడింది.

వనజ ఒక్క దమ్ము తీసుకుంది.

"పగలొచ్చి అడిగినం. ఎవరు తలుపు తియ్యలే. గీత గీసిన్నాడు మేం చేన్ల కలుపు తీస్తున్నం. గీత మా మీదికెళ్ళే పోయింది."

జెస్సికా టార్చి పట్టుకుని అలాగే నిలబడింది. ఒకసారి అక్సా వైపు చూసింది. అక్సా తల కదపలేదు. షామియానా గుడ్డ గాలికి టపటపా కొట్టుకుంది.

"ఏ చేను?" అని అడిగింది జెస్సికా. అది మేఘన గొంతు కాదు, తన సొంత గొంతే.

వనజకు ఆ ప్రశ్న వస్తుందని తెలియదు. విరిచిన చేతులు విడిపించుకోలేక గడ్డం ఎత్తి చూపించింది.

"గిదే. మీరు కుర్చీలేసుకున్నదే."

ముందు వరసలో ఒకాయన ఎందుకో పాదాలు దగ్గరికి తీసుకున్నాడు. తర్వాత నిర్మలాదేవి చప్పట్లు కొట్టింది. ఆవిడ కొట్టగానే అందరూ కొట్టారు.

"ఎంత సహజంగా చేసింది! కళ్ళు చెమర్చాయి అక్సా గారూ," అంది. నిజంగానే ఆవిడ కళ్ళు తడిగా ఉన్నాయి. పమిట చెంగుతో ఒత్తుకుని లేచింది. "రండి. మొదటి మొక్క మీరే నాటాలి."

మూక గొడ్డళ్ళు పక్కన పెట్టి, ఒక్కో పిల్ల ఒక్కో కానుగ మొక్క పట్టుకుని వరసగా నిలబడింది. ఆ మొక్కలను అతిథుల చేతికి అందించాలని వాళ్ళకు నేర్పారు. వనజ తన మొక్కను అక్సాకు అందించి, వెనకున్న బుట్టలోంచి ఇంకోటి తీసుకుంది. నల్ల కవరులో మట్టి తడిగా, చల్లగా ఉంది. గుంత పక్కన సీతయ్య నీళ్ళ బకెట్టుతో నిలబడ్డాడు. ఖమ్మం పేపరు ఫొటోగ్రాఫరు కెమెరా కంటికి ఆనించాడు.

అక్సా గుంతలోకి చూసింది. రాయగలిగింది రాశాను, అనాల్సింది ఆ పిల్ల అన్నది, చప్పట్లు కూడా అయిపోయాయి అనుకుంది. అందరూ ఆమె వంగడం కోసం ఎదురు చూస్తున్నారు.

ఆమె వంగలేదు. మొక్కను ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో చీర కుచ్చిళ్ళు పంటకు తగలకుండా ఒడిసిపట్టుకుని, సాళ్ళ మధ్య నుంచి నడిచింది. చేను చివరిదాకా పోయి కందకంలోకి దిగింది. అవతల ఎర్రమట్టి కట్ట ఎక్కేటప్పుడు కాలు జారింది. మోకాలు ఆనించి, మళ్ళీ లేచి ఎక్కింది. బోడి గుట్ట వైపు నడక సాగించింది.

"ఎటు పోతున్నారు?" అంది నిర్మలాదేవి.

వనజ తన చేతిలోని మొక్క వైపు చూసుకుని, అక్సా వెనక బయల్దేరింది. వనజ కదలగానే, మూడు రోజులుగా అలవాటైనట్టు, మూకంతా కదిలింది. మీసాలు పెట్టుకున్న ఆడపిల్లలు మొక్కలు పట్టుకుని వరసగా కందకం దిగి, ఎక్కి, గుట్ట దారి పట్టారు. జెస్సికా కాసేపు తటపటాయించి, టార్చి కుర్చీలో పెట్టి, బుట్టలో మిగిలిన మొక్క తీసుకుని వాళ్ళ వెనక పరుగెత్తింది. తెల్ల డ్రెస్సు కందకం దగ్గరే ఎర్రబడింది.

ఫొటోగ్రాఫరు ఖాళీ గుంత వైపు ఒకసారి, గుట్ట ఎక్కుతున్న పిల్లల వైపు ఒకసారి చూశాడు. కెమెరా భుజాన తగిలించుకుని పిల్లల వెనక ఉరికాడు.

చేనులో అతిథులు మిగిలారు. నాటడానికి వాళ్ళ చేతుల్లో ఏమీ లేదు.

"ఏమిటిది జస్టిన్?"

జస్టిన్ గొంతు సవరించుకున్నాడు. గుట్ట వైపు చూశాడు. "ప్రోగ్రాం కొంచెం మారింది మేడం," అన్నాడు. "ప్లాంటేషన్ గుట్ట మీద. నడకనే, ఎక్కువ దూరం కాదు. నా చెయ్యి పట్టుకోండి, ట్రెంచి దాటిస్త."

సీతయ్య అప్పటిదాకా బకెట్టు దించలేదు. ఇప్పుడు దించి, గడ్డపార భుజాన వేసుకున్నాడు. గుట్ట మీద గుంతలు లేవు కదా మరి, ఎవరో ఒకరు తవ్వాలి.

*

నిర్మలాదేవి చెప్పులు చేత పట్టుకుని గుట్ట ఎక్కింది. ఒక మొక్క నాటింది. దిగేటప్పుడు అక్సా పక్కన నడిచింది.

"మీరు నాకు ముందే చెప్పి ఉండాల్సింది."

"నిన్న ఫోన్ల చెప్పిన మేడం."

"ఇలా చేస్తానని చెప్పలేదు."

"నాకూ తెలియదు."

ఆవిడ ఆగి చెప్పులు తొడుక్కుంది. "మీ పుస్తకం రెండో ముద్రణ గురించి తర్వాత మాట్లాడుకుందాం," అంది. అక్సా సరేనంది. ఇక మాట్లాడుకునేది ఏమీ ఉండదని ఇద్దరికీ తెలుసు. శాలువా కారులోనే ఉండిపోయింది.

కార్లు వెళ్ళిపోయాక షామియానావాళ్ళు గుంజలు పీకారు. జేసీబీ డ్రైవరు నాలుగో వైపు తవ్వాలా వద్దా అని జస్టిన్‌ను అడిగాడు. జస్టిన్ మేడంకు ఫోన్ చేయడానికి కల్వర్టు దాకా పోయి, చేయకుండానే తిరిగొచ్చాడు. "ఇయ్యాల వద్దు. బండి తీసుకపో," అన్నాడు. ఆ మాటకు సోమవారం తన ఉద్యోగం ఏమవుతుందో అతనికి తెలియకపోలేదు.

దక్షిణం నుంచి మబ్బు కమ్ముకొస్తోంది. సీతయ్య వచ్చి అతని ముందు నిలబడ్డాడు.

"సారూ, వాన వస్తది. గుంతలల్ల నీళ్ళు నిలిస్తే మక్క వేరు కుళ్ళుతది. పూడ్వనా?"

జస్టిన్ బూట్లు విప్పి గట్టు మీద పెట్టాడు. "నడువు, నేను గూడ వస్త."

హాస్టల్ పిల్లలు సాళ్ళల్లోకి దిగారు. అక్సా కూడా ఒక గుంత దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, పక్కన కుప్ప పోసి ఉన్న మన్నును రెండు చేతులతో లోపలికి తోసింది. పక్క సాలులో ముత్తక్క అంతకు రెండింతల వేగంతో పూడుస్తోంది.

"ఈ పంటకైతే ఫికరు లేదు," అంది ముత్తక్క, తల ఎత్తకుండానే. "మళ్ళ యేడు ఏమంటరో."

అక్సా మన్ను తోస్తూ ఉంది.

వనజ వచ్చి ఎదురుగా గొంతుక్కూర్చుంది. మొహం కడుక్కున్నా బొగ్గు పూర్తిగా పోలేదు. కాసేపు ఇద్దరూ కలిసి ఆ గుంత నింపారు.

"టీచర్, పుస్తకం మళ్ళ అచ్చేస్తే ఈ మాటలు పెడ్తరా?"

"అచ్చేసేటోళ్ళు దొరికితే పెడ్త."

"మేఘన ఏమన్నదని రాస్తరు?"

"'ఏ చేను?' అని అడిగిందని రాస్త."

"తర్వాత?"

అక్సా చేతికంటిన మన్ను దులుపుకోబోయి ఆగింది. "అది అడిగినంక పాత కథ నడవదు వనజా. మొదటి నుంచి మళ్ళ రాయాలె."

వనజ చేను పొడుగునా ఇంకా నోరు తెరుచుకుని ఉన్న గుంతలను ఒకసారి చూసింది.

"అయితే మస్తు పనుంది మీకు," అని లేచి తర్వాతి గుంత దగ్గరికి నడిచింది.

అక్సా పైట నడుముకు దోపుకుని ఆమె వెనకే వెళ్ళింది.